గుడివాడలో ‘గు’, ముద్దులో ‘ద్దు’

నాగాయలంక
జూన్ 9

ప్రీతక్కా,

వందనాలు. నాయనమ్మ పక్కనే కూర్చుని ఉత్తరంలా రాయమంటోంది, పైన ఊరి పేరు పెట్టమంటోంది. ఇది ఫోనే నాయనమ్మా అంటే, ఫోనైతే మన ఊరు మారిపోద్దా అంటోంది. అందుకే పెట్టా.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదని కోప్పడకు. నా నత్తి సంగతి తెలుసుగా. నేను హలో అనేలోపు అవతలివాళ్ళు పెట్టేస్తారు. ఆరో క్లాసులో బడి మానేసింది కూడా అందుకేగా. హాజరు పిలిస్తే నేను ‘ప్రెజెంట్ సార్’ అనేసరికి సారు నా తర్వాత ముగ్గుర్ని పిలిచేసేవాడు. నాకు ఆబ్సెంట్ పడేది. బెంచీలో కూర్చునే ఆబ్సెంటు. రాయడమైతే పర్లేదు. తప్పులుంటే సర్దుకో.

నాన్న, నేను రొయ్యల చెరువు మీదే ఉంటున్నాం. మధ్యాహ్నం పని ఉండదు, పాకలో కూర్చుని నువ్వు నేర్పిన బొమ్మలు కదిలే యాప్‌లో గీసుకుంటున్నా. ఒకటి పంపుతున్నా చూడు. పిడికిలి. దానికి కళ్ళు, మీసం పెట్టా. నడుస్తది కూడా.

అసలు సంగతి మన కెజియాది. చెల్లి పొద్దున లేస్తే మీ జింగిడి మావయ్య వీడియోలే. ‘గుడివాడ నుంచీ మీ జింగిడి మావయ్యా’ అని ఆయన మొదలెట్టగానే అన్నం తినడం ఆపేస్తది. చివర్లో ఆయన బుగ్గ చూపించి ‘మావయ్యకో...’ అని ఆగుతాడుగా, అప్పుడు ఇది ‘ముద్దు’ అని అరిచి ఫోన్‌కి ముద్దు పెడతది. అద్దమంతా ఎంగిలి. నువ్వు ఆయన దగ్గరే వీడియోలు కోసి అతికించే పని చేస్తున్నావని నోరు జారా. అప్పట్నించీ చంపేస్తోంది, మావయ్య చేత నా పేరు చదివించమని. ఒక్కసారి చదివించక్కా. దానికి ఆరేళ్ళు. ఇంకేం అడగట్లేదు.

నీ తమ్ముడు
ఫిలిప్

గుడివాడ
జూన్ 12

ఒరేయ్ ఫిలిప్పూ,

నువ్వు బడి మానేశావు గానీ నీ చెయ్యి మానలేదురా. ఆ పిడికిలి చూసి మా సార్ కుర్చీలోంచి లేచాడు. ‘ఎవడీడు, ఎవడీడు’ అని నా ఫోన్ లాక్కున్నాడు.

సార్ అంటే మీ మావయ్యే. అసలు పేరు దుర్గాశ్రీనివాస్. పిల్లలు వచ్చి వెళ్ళాక చేతులకి మందు రుద్దుకుంటాడు. ‘పిల్ల వాసన’ అంటాడు. కెమెరా వెలిగితే మాత్రం ఆయనంత మేనమామ ఇంకోడు ఉండడు. వీడియోలో ఏం మాట్లాడాలో మేమే రాసిస్తాం. నాతో కలిపి ముగ్గురం.

ఇప్పుడో కొత్త బొమ్మ వస్తోంది. చేతికి తొడుక్కునే ఎర్ర పిడికిలి. లోపల స్ప్రింగు. మీట నొక్కితే జానెడు ముందుకి దూకి ధడేల్‌మని మోగుతుంది. పేరు ధడేల్ పిడికిలి. పెట్టె మీద వేసేది నీ బొమ్మేరా! మీసంతో సహా. సార్ నీకు రెండు పిడికిళ్ళు బహుమతిగా పంపమన్నాడు, అవనిగడ్డ బస్సులో వేస్తా.

పేరు చదవడం మాత్రం కుదరదురా ఊరికే. ఎవర్నయినా ధడేల్‌మనిపించి వీడియో పంపిన పిల్లల పేర్లే చదువుతాం. రూలు. నాయనమ్మకి ముద్దులు.

ప్రీతి

నాగాయలంక
జూలై 2

అక్కా,

పెట్టె వచ్చింది. నా బొమ్మ నిజంగానే ఉంది. నాన్న దాన్ని చర్చికి పట్టుకెళ్ళి పాస్టరుగారికి చూపించాడు. నా కొడుకు గీశాడండీ అని నాన్న పదిమందిలో అనడం ఇదే మొదటిసారి.

ఒకటి కెజియాకి ఇచ్చా. రెండోది పక్కింటి తేజగాడికి ఇచ్చా, వాడూ ఇదీ ఒకే క్లాసు.

ముందు తలుపుని కొట్టారు. తర్వాత మేకని. మేక పారిపోయాక నాయనమ్మ దొరికింది. మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కెజియా ‘నాయనమ్మా, ఇటు చూడు’ అంది. చూసింది. ధడేల్. ముందు పన్ను చేటలో పడింది. నాయనమ్మ నోట్లోంచి రక్తం కారుతుంటే ఆ పన్ను బియ్యంలో వెతుక్కుంటోంది, ‘ఓసి నీ దుంపతెగ, ఉన్నవే నాలుగే’ అని తిడుతూ నవ్వుతోంది. తేజగాడు వీడియో తీశాడు. నేనూ నవ్వానక్కా. అబద్ధమెందుకు.

ఇప్పుడు వీధిలో పద్నాలుగు పిడికిళ్ళు ఉన్నాయి. సండేస్కూల్లో పాట పాడుతుంటే వెనక బెంచీ నుంచి ధడేల్ ధడేల్‌మని తాళం. టీచరమ్మ వీపు వాచిపోయింది. ఒకడు వాళ్ళ నాన్న నిద్రపోతుంటే ముక్కు మీద కొట్టాడు. ఆయన లేచి వీణ్ణి బెల్టుతో బాదాడు. వాడు బాదించుకుంటూనే ‘వీడియో తియ్యి, వీడియో తియ్యి’ అని చెల్లిని కేకేశాడంట.

వీడియో పంపా. రూలు ప్రకారమే. పేరు చదివించు.

ఫిలిప్

గుడివాడ
జూలై 5

ఫిలిప్పూ,

చూశాం. సార్ నాలుగుసార్లు వేయించుకున్నాడు. చేటలో పన్ను పడ్డ చోట నిదానంగా తిప్పి పాట కలిపా. రేపు సాయంత్రం ఐదింటికి వేస్తున్నాం. కెజియాని ఫోన్ ముందు కూర్చోబెట్టు.

నాయనమ్మ పన్ను సంగతి నాకు బాధగా ఉంది. ఆ మాట ఆమెకి చెప్పకు.

ప్రీతి

బందరు, కళ్ళాసుపత్రి
జూలై 8

అక్కా,

ఇది ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రాస్తున్నా.

నీ వీడియో వచ్చింది. ఐదింటికి మా అరుగు మీద పిల్లలందరూ కూర్చున్నారు. మావయ్య చదివాడు. ‘నాగాయలంక నుంచి కెజియా! నా మేనకోడలా! ముసలమ్మని పడగొడితే ఏం గొప్పే? నీ ఈడోళ్ళతో తలపడు! ఎదురెదురుగా నిలబడు! కళ్ళు మూసుకున్నోళ్ళు ఓడినట్టే!’

కెజియా అరుగు మీద నుంచి దూకి ‘నా పేరు, నా పేరు’ అని వీధంతా పరిగెత్తింది. తర్వాత వచ్చి తేజగాడి ఎదురుగా నిలబడింది. మూతులు తగిలేంత దగ్గరగా. నేను ఆపేవాణ్ణే. ‘ఆపండి’ అనబోయాను. ‘ఆ’ దగ్గర ఇరుక్కుపోయింది నోరు. నువ్వు చూశావుగా నా నోరెలా ఇరుక్కుంటదో.

ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారు. తేజగాడి పిడికిలి ముందుభాగం ఊడి ఎగిరిపోయింది. లోపలి స్ప్రింగు తీగ బయటికొచ్చి కెజియా ఎడమ కంట్లో దిగింది. వెంటనే రాలేదక్కా. వాడు భయపడి చెయ్యి లాగితే దాని తల కూడా ముందుకొచ్చింది. నేను వాడి మణికట్టు పట్టుకుని తీగ విడిపించా. రక్తం, ఇంకేదో నీళ్ళలాంటిది నా చేతి మీద కారింది. తేజగాడు అక్కడే లాగులో పోసేసుకున్నాడు.

కెజియా ఏడవలేదు. ‘నేను మూయలేదన్నయ్యా. కన్ను మూయలేదు. నేనే గెలిచా’ అంది. అవనిగడ్డ దాటేదాకా ఆటోలో అదే మాట.

ఒక ఆపరేషన్ అయింది. ఇంకోటి చెయ్యాలంట. చూపు వస్తదో లేదో డాక్టరమ్మ చెప్పట్లేదు.

అక్కా, ఆ కళ్ళు మూసుకోవద్దనే మాట ఎవరు రాశారు? మీరు ముగ్గురు రాస్తారన్నావుగా. ఎవరో చెప్పు. ఆ పిడికిలి ఆపమని మావయ్యకి చెప్పు.

గుడివాడ
జూలై 12

తమ్ముడూ,

మూడు రోజులుగా రాయడం, చెరిపెయ్యడం.

ఆ మాట ఎవరూ రాయలేదు. సార్ అప్పటికప్పుడు నోటికొచ్చింది అనేశాడు.

ఆయనకి చెప్పా. కాసేపు నేలకేసి చూశాడు. మనిషి కదిలాడనుకున్నా. తలెత్తి, ‘కన్నా? అయితే కళ్ళజోడు చేద్దాం’ అన్నాడు. ఇంకో పది రోజుల్లో ధడేల్ కళ్ళజోడు వస్తోంది. ‘మావయ్య కళ్ళజోడు పెట్టుకో, ఎంతైనా కొట్టుకో.’ మొదటిది కెజియాకే పంపమన్నాడు, ప్రేమతో అని సంతకం పెట్టి. ‘పెద్దల ఎదుట ఆడవలెను’ అని పెట్టె మీద చీమకాళ్ళంత అక్షరాల్లో ఉంది కాబట్టి మనకేం కాదంట.

మానేద్దామనుకున్నా. ఇంకా మానలేదు.

ప్రీతి

బందరు
జూలై 26

అక్కా,

కళ్ళజోడు వచ్చింది. దాని మీద కూడా నా పిడికిలే. ఆసుపత్రి వెనక్కి తీసుకెళ్ళి ఇటుకతో కొట్టా. పొడి అయ్యేదాకా కొట్టా. చెయ్యి చీరుకుంది, అయినా కొట్టా. వాచ్‌మన్ వచ్చి ‘ఏంట్రా’ అన్నాడు. జవాబు చెప్పేలోపు పిచ్చోడనుకుని వెళ్ళిపోయాడు.

రెండో ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక చెప్తారంట.

నాకో సాయం చెయ్యి. మావయ్య గొంతు, వెనక పాట లేకుండా ఒట్టి గొంతు ఉన్నవి పంపు. ఎన్ని ఉంటే అన్ని. కెజియా మంచం మీద ఊరికే పడుకుంటోంది, వినిపిస్తా.

ఫిలిప్

గుడివాడ
జూలై 27

పంపా. నలభై ఉన్నాయి.

దేనికో నేను అడగను. నువ్వూ నన్నేం అడగొద్దు.

ప్రీతి

గుడివాడ
ఆగస్టు 21

ఒరేయ్ ఫిలిప్,

అందరి ఫోన్లలో తిరుగుతున్న ఆ కదిలే బొమ్మ నువ్వే చేశావు. ఆ మీసం గీత నాకు తెలీదా?

బొమ్మలో మావయ్య ఉంటాడు. పిల్లలు ఒక్కో పెట్టె కొన్నప్పుడల్లా ఆయన మీసం పెరుగుతుంది. ముసలమ్మ పన్ను ఎగిరొచ్చి ఆయన నోట్లో బంగారు పన్నై కూర్చుంటుంది. పాప కన్ను దొర్లుకుంటూ వచ్చి ఆయన ఉంగరంలో రాయి అవుతుంది. ఆఖర్న బుగ్గ చూపించి ‘మావయ్యకో గుద్దు’ అంటాడు. పిల్లలందరూ వరసకట్టి గుద్దుతారు. అప్పడంలా అయిపోతాడు, లేస్తాడు, మళ్ళీ బుగ్గ చూపిస్తాడు. మళ్ళీ గుద్దుతారు, మళ్ళీ లేస్తాడు. చివరికి ఎండుచేపలా తాడు మీద ఆరేస్తే అక్కడ కూడా నవ్వుతూ ‘మావయ్యకో...’ అంటాడు.

ముందు నాకు నవ్వొచ్చింది. ఆ ‘గుద్దు’ ఆయన గొంతే. ఆయనెప్పుడూ అనని మాట ఆయన గొంతుతో ఎలా వచ్చిందిరా?

సార్‌కి కోపం రాలేదు. అదే భయంగా ఉంది. ‘ఎవడో మనకి ఊరికే ప్రచారం చేస్తున్నాడు, వదిలెయ్’ అంటున్నాడు. గుడివాడలో ఏ పిల్లోడి నోట చూసినా అదే పాట. సెప్టెంబర్ ఏడు, ఆదివారం బందర్లో బొమ్మల షాపు తెరవడానికి వెళ్తున్నాడు. పిల్లలందరినీ పిడికిళ్ళు తొడుక్కుని రమ్మన్నాడు.

ఇది వెక్కిరింపు అని పెద్దాళ్ళకి తెలుస్తుంది. ఆరేళ్ళోళ్ళకి వెక్కిరింపు తెలీదురా. వాళ్ళకి అది మావయ్య గొంతు, అంతే. తీసెయ్.

ప్రీతి

నాగాయలంక
ఆగస్టు 23

అక్కా,

మావయ్య రోజూ ‘గుడివాడ నుంచీ’ అంటాడుగా. అందులోంచి ‘గు’ కోశా. ముద్దులోంచి ‘ద్దు’ కోశా. అతికించడానికి పదకొండు రోజులు పట్టింది. నా గొంతు పెట్టుకునేవాణ్ణే, అది పనికి రాదుగా.

తీయను. కెజియా కట్టు విప్పారు. కుడి కన్ను మూసి, ఎదర ఏముంది అని డాక్టరమ్మ అడిగితే ‘ఏం లేదు’ అంది. ఎదర నేనున్నా.

తీసెయ్యాలంటే ముందు నువ్వు ఒకటి చెప్పు. మావయ్య నోటికొచ్చింది అన్నాడని రాశావు. నువ్వు పంపిన నలభై గొంతుల్లో అది కూడా ఉంది. అందులో ఆయన ‘కళ్ళు మూసుకున్నోళ్ళు’ దగ్గర ఆగి, ‘ఇదేం రాశారు, సరిగ్గా కనపడట్లా’ అంటాడు. తర్వాత కాయితం చప్పుడు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు ‘ఓడినట్టే సార్’ అని అందిస్తది.

ఆ గొంతు ఎవరిదక్కా?

గుడివాడ
సెప్టెంబర్ 10

తమ్ముడూ,

ఎడమ చేత్తో టైపు కొడుతున్నా. కుడి చెయ్యి కట్టులో ఉంది. నువ్వు అడిగి పద్దెనిమిది రోజులైంది. అన్నీ చెప్తా. ముందు బందరు సంగతి.

ఆదివారం పొద్దున పదకొండింటికి. షాపు ముందు షామియానా, డప్పులు. మూడు నాలుగొందల మంది పిల్లలు, అందరి చేతికీ ఎర్ర పిడికిలి, సగం మందికి కళ్ళజోడు. సార్ స్టేజీ ఎక్కి ‘గుడివాడ నుంచీ’ అన్నాడు. అరుపులతో చెవులు పగిలాయి. ఆయన వంగి బుగ్గ చూపించి, మైకు పిల్లల వైపు పెట్టి, ‘మావయ్యకో...’ అని ఆగాడు. రోజూ ఆగినట్టే.

‘గుద్దు!’ అన్నారు.

ఆయన నవ్వాడు. జోకనుకున్నాడు. ముందు వరసలో గులాబీరంగు గౌను పాప స్టేజీ ఎక్కి, ముందు ముద్దే పెట్టింది. పెట్టి, ‘ఐ లవ్యూ మావయ్యా’ అని దవడకి పిడికిలి ఆనించి మీట నొక్కింది. టక్‌మని విరిగిన చప్పుడు మైకులో వినపడింది.

ఇక అందరూ ఎక్కారు. కసితో కాదురా. ఒక్క మొహంలో కోపం లేదు. ప్రేమతో కొట్టారు. ‘నాది, నాది, నన్ను చూడు మావయ్యా’ అంటూ, ఎవరి పేరు వాళ్ళు అరుచుకుంటూ కొట్టారు. మూతి మీద, పొట్టలో, కింద పడ్డాక వేళ్ళ మీద. పిడికిళ్ళు ఊడి తీగలు బయటికొచ్చాయి. ఆయన తెల్ల చొక్కా మిరపకాయలు ఆరబోసిన కల్లంలా అయింది. ఒక తీగ చెవి తమ్మెలో ఇరుక్కుంటే ఇద్దరు పిల్లలు చెరోవైపు లాగారు, తమ్మె తెగి వచ్చింది. తల్లిదండ్రులు షో అనుకుని చప్పట్లు కొడుతూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను అడ్డం పడి చెయ్యి పెట్టా. మణికట్టు మీద నాలుగు దెబ్బలకి ఎముక పోయింది. ‘ఆపండ్రా, చచ్చిపోతాడు’ అని అరిస్తే ఏడేళ్ళోడొకడు నా భుజం తట్టి ఓదార్చాడు. ‘లేస్తాడక్కా. చూస్తా ఉండు. బొమ్మలో కూడా లేస్తాడు.’

లేవలేదు. పిల్లలు గుండ్రంగా నిలబడి చూశారు. ఎంతకీ లేవకపోయేసరికి అప్పుడు మొదలైంది ఏడుపు, నాలుగొందల మందీ ఒకేసారి. ఆ ఏడుపు నా చెవుల్లోంచి పోవట్లేదు.

బతికాడు. దవడ రెండు చోట్ల విరిగింది, పళ్ళకి తీగలు చుట్టి నోరు కట్టేశారు. నిన్న చూడ్డానికి వెళ్తే పలక మీద రాసి చూపించాడు. ‘పాత వీడియోల్లో మాటలు కోసి కొత్త వీడియో చెయ్యి. కట్టు ధడేల్ అని అమ్ముదాం.’ ఆ పలక ఆయన పొట్ట మీదే పెట్టి వచ్చేశా. మళ్ళీ వెళ్ళను.

ఇప్పుడు నీ ప్రశ్న.

ఆ గొంతు నాదే. రాసిందీ నేనే. కెజియా పేరు ఊరికే చదివితే బాగోదు, ఒక మంచి మాట ఉండాలనుకున్నా. చిన్నప్పుడు నాయనమ్మ మంచం మీద మనిద్దరం ఎదురెదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసుకునేవాళ్ళం. గుర్తుందా? కళ్ళు మూసుకున్నోళ్ళు ఓడినట్టే అని రూలు పెట్టింది నేనే. ఆ ఆటలో మాట్లాడక్కర్లేదు కదా, అందుకే పెట్టా. ఎప్పుడూ నువ్వే గెలిచేవాడివి. ఆ ముచ్చటే గుర్తొచ్చి రాశాన్రా. ఇంకేం ఆలోచించలేదు.

అబద్ధం చెప్పా. నన్ను అక్కా అని పిలవకపోయినా అడగను. కానీ ఆ బొమ్మ తీసెయ్. పిల్లలు ఇంకా గుద్దుతున్నారు. మావయ్య దొరక్క ఎవరి మేనమామని వాళ్ళు.

ప్రీతి

నాగాయలంక
సెప్టెంబర్ 16

అక్కా,

తీసేశా. ఏం లాభం లేదు. అప్పటికే అందరి ఫోన్లలోకీ పోయింది. కోడూరులో పెళ్ళికొడుకైన ఒక మేనమామని పీటల మీద ఉండగానే కళ్ళ మధ్యలో కొట్టారంట. మన వీధిలోనే మొన్న పిల్లలు తేజగాణ్ణి మావయ్యని చేసి గోడకి ఆనించి కొట్టారు, వాడు ఊరుకున్నాడు. కెజియా కన్ను పోయినప్పట్నించీ వాడు ఎవరు కొట్టినా ఊరుకుంటున్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి.

లేస్తాడని గీసింది నేను. నవ్వు కోసం గీశా. నువ్వు ముచ్చటకి రాశావు, నేను నవ్వుకి గీశాను. నీ మీద కోపం ఉంది, నా మీద ఉన్నంతే ఉంది. అందుకని అక్కా అనే పిలుస్తున్నా.

ఆలోచించా. వాళ్ళు నమ్మింది బొమ్మని కాదు, గొంతుని. ఇంకో గొంతు కోసి అతికిస్తే మళ్ళీ అదే పని. అందుకని నిన్న మధ్యాహ్నం పాకలో ఫోన్ నిలబెట్టి, బొమ్మ లేకుండా, నా మొహంతో, నా గొంతుతో మాట్లాడా. నేను ఫిలిప్‌ని, గుద్దు నేనే అతికించా, మావయ్య అలా అనలేదు, మా కెజియాకి ఒక కన్ను పోయింది, ఇంక ఎవరూ గుద్దొద్దు. అంతే. నువ్వైతే పావు నిమిషంలో చెప్పేస్తావు. నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ‘గు’ దగ్గర మొహం వంకర్లు పోయింది, చొంగ కారింది. కొయ్యలేదు. అలాగే పెట్టేశా.

నవ్వుతున్నారు. నాలా మాట్లాడుతూ వీడియోలు పెడుతున్నారు, గుగుగు అని. పెట్టనీ. గుగుగు అనేవాడు గుద్దట్లేదుగా. ఇవాళ సాయంత్రం తేజగాడు ఛాతీకి కట్టుతో వచ్చి మా అరుగు మీద కూర్చుంటే వీధి పిల్లలు వాడి ముందు పిడికిళ్ళు విప్పి పడేశారు. అందరూ కాదు. ఆరుగురు.

కెజియాకి చూపించా. ఉన్న కన్ను ఫోన్‌కి ఆనించుకుని చూసింది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసి నాయనమ్మ దగ్గరికి పరిగెత్తి చెప్తోంది.

‘మావయ్య నా పేరు ఒక్కసారే చదివాడు నాయనమ్మా. అన్నయ్య చూడు, కె కె కె కెజియా అని నాలుగుసార్లు చదివాడు.’

నీ తమ్ముడు
ఫిలిప్